కిడ్నీ చెప్పదు... మనమే అడగాలి!

పన్ను పాడైతే రాత్రంతా నిద్రపోనివ్వదు. కడుపులో తేడా వస్తే మెలిపెట్టి మరీ చెబుతుంది. గుండె సరేసరి, దడదడలాడిస్తుంది. ఒక్క కిడ్నీయే... సగానికి పైగా చెడిపోయినా కిక్కురుమనదు. అది నోరు విప్పే సరికి చాలాసార్లు ఆలస్యమైపోతుంది. ఆలోగా దాని క్షేమం మనం తెలుసుకోవాలంటే రెండు మామూలు పరీక్షలు చాలు. తెలిశాక దాన్ని కాపాడుకోవడంలో సగం పని డాక్టరుది, మిగతా సగం మన వంటింటిది!

చుట్టం వస్తే చెట్టెక్కించి బొండాలు దింపించడం ఉద్దానం మర్యాద. శ్రీకాకుళం జిల్లాలో సముద్రం పక్కనే కొబ్బరి, జీడిమామిడి తోటలతో కళకళలాడే ప్రాంతమది. ఉద్యానవనమే జనం నోట ఉద్దానం అయిందంటారు. కానీ ఆ మర్యాద ఇప్పుడు చాలా ఇళ్లలో ఒంటిచేతి మర్యాదే. చుట్టానికి బొండం కొట్టి ఇచ్చిన ఇంటాయన తాను మాత్రం ముట్టుకోడు. చెట్టు ఆయనదే, కాయ ఆయనదే. తాగితే గుండె ఆగిపోవచ్చని డాక్టరు చెప్పాడు మరి!

వినడానికి వింతగా ఉంటుంది. జ్వరమొస్తే, వడదెబ్బ తగిలితే అందరికీ ముందు పట్టేది కొబ్బరి నీళ్లే కదా? నిజమే. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు అది అమృతమే. కానీ ఒక్కో బొండంలో సుమారు 500 నుంచి 700 మిల్లీగ్రాముల దాకా పొటాషియం ఉంటుంది. మంచి కిడ్నీ ఆ పొటాషియాన్ని గంటల్లో బయటికి పంపేస్తుంది. చెడిన కిడ్నీకి ఆ శక్తి ఉండదు. రక్తంలో పేరుకున్న పొటాషియం గుండె లయను తప్పిస్తుంది. అంతవరకూ మేలు చేసిన తిండే కీడు చేయడం... కిడ్నీ జబ్బులో ఉన్న అసలు చిక్కు ఇదే.

పచ్చని చోట పాడు జబ్బు

ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు... ఈ మండలాల్లో ఏళ్ల తరబడి కిడ్నీ జబ్బు జనాన్ని పీడిస్తోంది. ఇక్కడ జరిగిన సర్వేల్లో పెద్దవాళ్లలో దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరికి దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి ఉన్నట్టు తేలింది. వాళ్లలో చాలామందికి షుగర్ లేదు, పెద్దగా బీపీ కూడా లేదు. ఎండలో రెక్కలు ముక్కలు చేసుకునే తోట కూలీలు, రైతులే ఎక్కువ. నీళ్లా, నేలా, పురుగుమందులా, ఎండలో ఒళ్లు ఎండిపోవడమా... అసలు కారణం ఏమిటన్నది శాస్త్రవేత్తల మధ్య ఇంకా తెగలేదు. శ్రీలంకలోని ఉత్తర మధ్య రాష్ట్రంలో వరి రైతులకూ, మధ్య అమెరికాలోని నికరాగువా, ఎల్ సాల్వడార్‌లలో చెరకు కూలీలకూ వచ్చే జబ్బు కూడా ఇలాంటిదే.

పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో మొదలయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి గొట్టాల ద్వారా ఉద్దానానికి తాగునీరు తెచ్చే పథకమూ అప్పుడే ప్రారంభమైంది. అంతకుముందు డయాలసిస్ కోసమో, డాక్టరు కోసమో విశాఖపట్నం దాకా వెళ్లి వచ్చినవాళ్లు ఎందరో.

'అది ఉద్దానం సంగతి, మాకేం?' అనుకోవడానికి లేదు. మిగతా ఊళ్లలో కిడ్నీలను తినేస్తున్న జబ్బుల పేర్లు అందరికీ తెలిసినవే. మొదటిది షుగర్. రెండోది బీపీ. ఈ రెండూ లేని వీధి తెలుగునాట ఎక్కడుంది? వీటి తర్వాత వడపోత గొట్టాల వాపు, మూత్రనాళంలో అడ్డుపడే రాళ్లు, వంశపారంపర్యంగా వచ్చే నీటి తిత్తులు, ఏళ్ల తరబడి మింగే నొప్పి మాత్రలు... ఉద్దానం నేర్పే పాఠం ఒక్కటే. కారణం ఏదైనా, జబ్బు ముందే బయటపడినవాళ్లు నెగ్గుకొస్తున్నారు. ఆయాసంతో ఆసుపత్రికి వచ్చాక బయటపడినవాళ్లు నేరుగా డయాలసిస్ మంచం ఎక్కుతున్నారు.

పిడికెడంత కార్ఖానా

వీపు వైపు, పక్కటెముకల కింద, వెన్నెముకకు అటొకటి ఇటొకటి. ఒక్కోటి మన పిడికిలంత. బరువు 150 గ్రాములకు అటూ ఇటూ. కానీ చేసే చాకిరీ చూస్తే కళ్లు తిరుగుతాయి. గుండె కొట్టే ప్రతి ఐదు చెంబుల రక్తంలో ఒక చెంబు వీటికే వెళుతుంది. ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షల వడపోత గొట్టాలుంటాయి. వీటినే నెఫ్రాన్లంటారు. రెండూ కలిసి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడకట్టి, పనికొచ్చేదంతా తిరిగి రక్తంలోకి పంపి, ఆఖరికి ఒకటిన్నర, రెండు లీటర్లను మూత్రంగా వదిలేస్తాయి.

పని అంతటితో అయిపోలేదు. ఉప్పును, పొటాషియాన్ని, ఆమ్లాన్ని తూకం తప్పకుండా చూసేది కిడ్నీయే. బీపీని అదుపులో ఉంచే హార్మోను దానిదే. ఎముక మజ్జలో ఎర్ర రక్తకణాలు పుట్టాలంటే ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోను పంపాల్సింది అదే. ఎండ వల్ల తయారయ్యే విటమిన్ డిని ఎముకలకు పనికొచ్చేలా మార్చేదీ అదే. అందుకే కిడ్నీ చెడితే మూత్రం ఒక్కటే చెడదు. రక్తం తగ్గుతుంది, ఎముకలు గుల్లబారతాయి, బీపీ పెరుగుతుంది, ఆకలి చస్తుంది.

ఎందుకీ మౌనం?

నెఫ్రాన్లు కొన్ని చచ్చిపోతే మిగిలినవి వాటి పని కూడా నెత్తినేసుకుంటాయి. ఉమ్మడి కుటుంబంలో ఒకరు పడుకుంటే ఇంకొకరు పొలం పని చూసుకున్నట్టు! బయటికి ఏమీ తెలియదు. కానీ ఎక్కువ పని చేసిన నెఫ్రాన్లు కూడా అలిసి ఒక్కొక్కటే రాలిపోతాయి. అలా మూడొంతులు పోయాక గానీ ఇంటి గుట్టు బయటపడదు.

అయినా చిన్న చిన్న సైగలు లేకపోలేదు. మనమే వాటికి వేరే పేర్లు పెట్టేస్తాం.

* పొద్దున్నే కళ్ల కింద ఉబ్బు. 'రాత్రి నిద్ర సరిపోలేదు' అనుకుంటాం.
* సాయంత్రానికి చెప్పుల పట్టీ పాదంలో దిగబడినట్టు గుర్తు. 'ఎక్కువసేపు నిలబడ్డాను' అంటాం.
* మూత్రంలో సబ్బు నురగలాంటి నురగ, చాలాసేపు పోదు. ప్రొటీన్ కారిపోతోందనడానికి ఇది గుర్తు కావచ్చు.
* రాత్రి రెండు మూడుసార్లు మూత్రానికి లేవడం. 'వయసు' అని సరిపెట్టుకుంటాం.
* అన్నం సయించకపోవడం, పొద్దున్నే వికారం, నోట్లో ఇనుప రుచి. 'గ్యాస్' మాత్ర వేసుకుంటాం.
* ఒళ్లంతా దురద, మెట్లెక్కితే ఆయాసం, ఎప్పుడూ నీరసం. 'రక్తం తక్కువ' అని టానిక్కు తాగుతాం.

షుగర్ ఉన్నవాళ్లను మోసం చేసే సైగ ఇంకోటుంది. ఏళ్ల తరబడి దిగిరాని షుగర్ ఉన్నట్టుండి తగ్గడం మొదలవుతుంది. వాడే ఇన్సులిన్ కూడా ఎక్కువైపోయి కళ్లు తిరుగుతుంటాయి. 'హమ్మయ్య, జబ్బు తగ్గింది' అని ఇంట్లో పాయసం వండుకుంటారు! ఒంట్లోని ఇన్సులిన్‌ను కొంత ఖర్చు చేసేది కిడ్నీయే. అది చెడితే ఇన్సులిన్ ఎక్కువసేపు రక్తంలో నిలిచి షుగర్‌ను పడగొడుతుంది. కారణం లేకుండా షుగర్ తగ్గితే సంబరపడకుండా కిడ్నీ పరీక్ష చేయించుకోవాలి.

రెండే రెండు పరీక్షలు

కిడ్నీని అడగాల్సిన ప్రశ్నలు రెండు. 'బాగా వడకడుతున్నావా?' అన్నది మొదటిది. దానికి జవాబు రక్తంలోని క్రియాటినిన్. 'వడపోత గుడ్డకు చిల్లులు పడ్డాయా?' అన్నది రెండోది. దానికి జవాబు మూత్రంలోని అల్బుమిన్ అనే ప్రొటీన్. రెండూ చిన్న పట్టణాల్లోని ల్యాబుల్లో కూడా జరిగే పరీక్షలే.

క్రియాటినిన్ కాగితం చేతికి రాగానే చాలామంది ఒకే పని చేస్తారు. పక్కన అచ్చేసిన 'నార్మల్' అంకెతో పోల్చి చూసి జేబులో పెట్టుకుంటారు. పొరపాటు అక్కడే జరుగుతుంది. క్రియాటినిన్ కండల నుంచి వచ్చే వ్యర్థం. కండ ఎక్కువున్న కుర్రాడికి ఎక్కువ, బక్కపలచని ముసలమ్మకు తక్కువ ఉంటుంది. ఉదాహరణకు ఇద్దరికీ 1.3 వచ్చిందనుకుందాం. వయసు, లింగం కలిపి లెక్క కడితే పాతికేళ్ల యువకుడి వడపోత వేగం సుమారు 78. అరవై అయిదేళ్ల ఆమెది సుమారు 45 మాత్రమే! కాగితం మీద అంకె ఒకటే, కిడ్నీల కథ వేరు.

ఈ వడపోత వేగాన్నే జీఎఫ్‌ఆర్ అంటారు. 90, ఆపైన ఉంటే మంచిది. 60 కన్నా తక్కువ మూడు నెలలకు మించి ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి కిందే లెక్క. 30 కన్నా తగ్గితే నెఫ్రాలజిస్టు చేతిలో ఉండి తీరాలి. 15 కన్నా దిగితే కిడ్నీ వైఫల్యం. జీఎఫ్‌ఆర్ బాగానే ఉన్నా మూత్రంలో ప్రొటీన్ పోతుంటే అదీ జబ్బే. అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి 30 దాటితే జాగ్రత్త పడాలి.

ఎవరు అడగాలి ఈ ప్రశ్నలు? షుగర్, బీపీ ఉన్నవాళ్లు ఏడాదికోసారి తప్పనిసరిగా. ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, కిడ్నీలో రాళ్లు తరచూ వచ్చేవాళ్లు, గుండె జబ్బున్నవాళ్లు, నొప్పి మాత్రలు ఏళ్లుగా వాడుతున్నవాళ్లు, గర్భిణిగా ఉన్నప్పుడు బీపీ పెరిగినవాళ్లు, ఉద్దానంలాంటి చోట పుట్టి పెరిగినవాళ్లు కూడా.

ఉన్నట్టుండి పాడైతే...

కిడ్నీ ఫెయిలైందనగానే జీవితాంతం డయాలసిస్సే అనుకోవక్కర్లేదు. వాంతులు విరేచనాలతో ఒళ్లు ఎండిపోయినప్పుడు, పాము కాటుకు, మలేరియాకు, ఎలుక జ్వరానికి, ఒళ్లంతా పాకిన ఇన్ఫెక్షన్‌కు కిడ్నీలు కొద్ది రోజుల్లోనే పని ఆపేయవచ్చు. మూత్రం ఒక్కసారిగా తగ్గిపోతుంది. ఇది తాత్కాలిక వైఫల్యం. వెంటనే ఆసుపత్రికి చేరితే చాలామందికి కొన్నాళ్ల డయాలసిస్‌తోనో, అది కూడా లేకుండానో కిడ్నీలు మళ్లీ కోలుకుంటాయి. అయితే ఇలా ఒకసారి దెబ్బతిన్నవాళ్లు తర్వాత కూడా ఏటా పరీక్ష చేయించుకుంటూ ఉండాలి.

పోయిన కిడ్నీ తిరిగి రాదు... ఉన్నది నిలుస్తుంది

దీర్ఘకాలిక జబ్బులో చచ్చిన నెఫ్రాన్లు మళ్లీ బతకవు. కానీ మిగిలిన వాటిని ఏళ్ల తరబడి కాపాడుకోవచ్చు. రెండేళ్లలో రావాల్సిన డయాలసిస్‌ను పదేళ్లకు వాయిదా వేయగలిగితే అది చిన్న గెలుపా?

ఆ గెలుపుకి మొదటి మెట్టు బీపీ. చాలామందిలో దాన్ని 130/80 లోపు ఉంచాలంటారు వైద్యులు. బీపీ మాత్రల్లోనే కిడ్నీకి రక్షణ ఇచ్చే రకాలున్నాయి. మూత్రంలో ప్రొటీన్ కారడాన్ని అవి తగ్గిస్తాయి. వీటిని మొదలుపెట్టిన కొత్తలో క్రియాటినిన్ కొద్దిగా పెరగడం మామూలే. అది చూసి కంగారుపడి మాత్రలు మానేసేవాళ్లున్నారు. డాక్టరు చెప్పకుండా మానకూడదు. మొదట షుగర్ కోసం తయారైన డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మందులు షుగర్ లేని కిడ్నీ రోగులకూ మేలు చేస్తున్నట్టు 2020 తర్వాత వచ్చిన పెద్ద పరిశోధనల్లో తేలింది. ఎవరికి పనికొస్తాయో డాక్టరు తేలుస్తారు.

చేయకూడనివీ ఉన్నాయి. మోకాళ్ల నొప్పనీ, నడుం నొప్పనీ మందుల షాపులో అడిగి కొనుక్కునే డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటి మాత్రలు కిడ్నీకి శత్రువులు. పొలంలో ఒళ్లు హూనమయ్యాక ఊరి ఆర్‌ఎంపీ చేత వేయించుకునే నొప్పి ఇంజెక్షన్ కూడా అలాంటిదే కావచ్చు. 'సహజ'మన్న పేరుతో అమ్మే లెక్కా పత్రం లేని భస్మాల్లో పాదరసం, సీసం ఉండే ప్రమాదం ఉంది. 'కిడ్నీ శుభ్రం చేసే' పసర్లూ అంతే. నక్షత్రం ఆకారంలో ముక్కలయ్యే కమ్రాక్ పండు కిడ్నీ రోగికి ప్రాణాంతకం కావచ్చు, ఒక్కటి కూడా తినకూడదు. ఏ డాక్టరు దగ్గరికి ఏ జబ్బుతో వెళ్లినా, స్కానింగ్‌కు రంగు మందు ఎక్కిస్తామన్నా, ముందు చెప్పాల్సిన మాట ఒకటే: 'నాకు కిడ్నీ సమస్య ఉంది.'

వంటింట్లో సగం వైద్యం

కిడ్నీ జబ్బుకు ఒకే పథ్యం అంటూ లేదు. పక్కింటాయన డైట్ చార్టు జిరాక్స్ తీసుకుని పాటిస్తే కొంప మునుగుతుంది. జబ్బు ఏ దశలో ఉంది, రక్తంలో పొటాషియం ఎంత, షుగర్ ఉందా, డయాలసిస్ జరుగుతోందా... వీటిని బట్టి కంచం మారుతుంది.

ఉప్పు: ఇది మాత్రం దాదాపు అందరికీ వర్తిస్తుంది. రోజు మొత్తానికి ఒక చెంచాకు, అంటే 5 గ్రాములకు మించకూడదు. కూరలో వేసేది ఒక్కటే కాదు సుమా! ఆవకాయ, గోంగూర పచ్చడి, అప్పడాలు, ఊరమిరపకాయలు, ఎండుచేపలు, మిక్చర్, బిస్కెట్లు, హోటలు సాంబారు... అన్నీ లెక్కలోకే వస్తాయి. సైంధవ లవణం వాడితే ఫర్వాలేదనుకోవడం భ్రమ, అదీ ఉప్పే. 'తక్కువ సోడియం' అని అమ్మే ఉప్పు మరీ ప్రమాదం. సోడియం తగ్గించి అందులో కలిపేది పొటాషియాన్నే! రుచి కోసం నిమ్మకాయ పిండుకోవచ్చు. కొత్తిమీర, జీలకర్ర, మిరియాలు, అల్లం, వెల్లుల్లి, కరివేపాకు ఉండనే ఉన్నాయి. మూడు వారాలు ఓపిక పడితే నాలుక అలవాటు పడుతుంది.

మాంసకృత్తులు: డయాలసిస్‌కు ముందు దశలో ఎక్కువ ప్రొటీన్ తింటే కిడ్నీకి అదనపు చాకిరీ. సాధారణంగా కిలో బరువుకు 0.6 నుంచి 0.8 గ్రాముల దాకా చెబుతారు. అరవై కిలోల మనిషికి రోజుకు 36 నుంచి 48 గ్రాములు. గుడ్డులో సుమారు 6 గ్రాములు, గ్లాసుడు పాలల్లో దాదాపు అంతే. అన్నంలో, ఇడ్లీలో కూడా కొంత ఉంటుంది. అలాగని పప్పు, గుడ్డు, పెరుగు అన్నీ మానేసి చారన్నంతో గడిపితే కండ కరిగిపోతుంది. తగ్గించాలి, మానకూడదు. వ్యాయామశాలల్లో అమ్మే ప్రొటీన్ పొడుల జోలికి మాత్రం అసలు వెళ్లొద్దు.

పొటాషియం: రక్తపరీక్షలో ఇది ఎక్కువగా ఉన్నవాళ్లే తగ్గించాలి. మామూలుగా ఉన్నవాళ్లు పండ్లు, ఆకుకూరలు భయపడి మానేయనక్కర్లేదు. ఎక్కువున్నవాళ్లు దూరం పెట్టాల్సినవి కొబ్బరి నీళ్లు, అరటిపండు, బత్తాయి రసం, ఎండు ద్రాక్ష, ఖర్జూరం, టమాటా, చింతపండు పులుసు, బంగాళాదుంప, కంద, పాలకూర. వాటి బదులు సొరకాయ, బీరకాయ, పొట్లకాయ, దొండకాయ, క్యాబేజీ వండుకోవచ్చు. పండ్లలో యాపిల్, అనాస, బొప్పాయి ముక్కలు కొద్దిగా తినొచ్చు. మన అమ్మమ్మలు చేసిన 'వార్చడం' ఇక్కడ భలే పనికొస్తుంది. కూరగాయ తొక్క తీసి, చిన్న ముక్కలు తరిగి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి తర్వాత పోపు పెట్టుకుంటే పొటాషియం చాలావరకు పోతుంది. పారబోయాల్సిన ఆ నీళ్లతోనే చారు కాచుకుంటే మాత్రం పడిన శ్రమంతా వృథా!

షుగర్ కూడా ఉన్నవాళ్లకు ఒక జాగ్రత్త. షుగర్ పడిపోయి చెమటలు పడితే బత్తాయి రసం తాగకండి. గ్లూకోజు పొడి గానీ పంచదార నీళ్లు గానీ మేలు.

భాస్వరం: కిడ్నీ చెడితే ఇది పేరుకుని దురద పెట్టిస్తుంది, ఎముకలను తింటుంది. నల్లని కూల్‌డ్రింకులు, ప్యాకెట్ ఆహారం, ప్రాసెస్ చేసిన మాంసంలో కలిపే భాస్వరం ఒంటికి ఇట్టే పట్టేస్తుంది. ముందు మానాల్సింది వాటినే. పాలు, జీడిపప్పు, వేరుశనగ ఎంత తినాలో డాక్టరును అడగాలి. జీడి తోటల నడుమ బతికే ఉద్దానంవాళ్లకు ఇది ఇంకో పరీక్ష!

నీళ్లు: 'చెంబులకు చెంబులు తాగితే కిడ్నీలు కడిగినట్టవుతుంది' అన్నది ఊరూరా వినిపించే సలహా. రాళ్లున్నవాళ్లకూ, ఎండలో పనిచేసేవాళ్లకూ ఎక్కువ నీళ్లు అవసరమే. కానీ కిడ్నీ జబ్బు ముదిరి, మూత్రం తగ్గి, కాళ్లు వాచినవాళ్లు అలా తాగితే నీరు ఊపిరితిత్తుల్లోకి చేరి ఆయాసం వస్తుంది. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు సాధారణంగా చెప్పే లెక్క ఇది: ముందు రోజు పోసిన మూత్రం ఎంతో కొలిచి, దానికి అర లీటరు కలిపి, అంతే తాగాలి. మజ్జిగ, కాఫీ, చారు అన్నీ ఆ కొలతలోవే.

డయాలసిస్ అంటే చివరి మెట్టు కాదు

నెదర్లాండ్స్ వైద్యుడు విలెమ్ కోల్ఫ్ 1943లో, యుద్ధం మధ్యలో తొలి డయాలసిస్ యంత్రాన్ని తయారుచేశాడు. అందులో వాడిన వడపోత గొట్టం సాసేజ్‌లకు చుట్టే పల్చటి సెల్లోఫేన్! అప్పటిదాకా కిడ్నీ చెడితే ఇక చావే. ఇప్పుడు వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగేసి గంటలు యంత్రం దగ్గర కూర్చుని ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్లు, పిల్లల పెళ్లిళ్లు చేస్తున్నవాళ్లు ఉన్నారు. మూడుసార్లు చేయించుకోవాల్సినవాళ్లు ఖర్చుకో, దూరానికో భయపడి రెండుసార్లతో సరిపెడితే ఆ మిగిలిన రోజుల్లోనే ప్రమాదాలు ముంచుకొస్తాయి.

ముందుచూపు ఉంటే ఇక్కడా కష్టం సగం తగ్గుతుంది. జీఎఫ్‌ఆర్ బాగా పడిపోతున్నప్పుడే చేతిలో ధమనినీ సిరనూ కలిపే ఫిస్టులా అనే చిన్న ఆపరేషన్ చేయించుకోవాలి. అది సూది గుచ్చడానికి సిద్ధం కావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. అందుకే కిడ్నీ రోగి ఎడం చేతి నరాల్లో అయినదానికీ కానిదానికీ సూదులు, సెలైన్లు పెట్టించుకోకూడదు. ఎడంచేతి వాటం వాళ్లయితే కుడి చెయ్యి దాచుకోవాలి. హెపటైటిస్ బి టీకా కూడా ముందే వేయించుకోవాలి. ఇంట్లోనే కడుపులోకి ద్రవం ఎక్కించి దించుకునే సీఏపీడీ పద్ధతి ఉంది. శుభ్రత పాటించగలిగితే ఆసుపత్రికి దూరంగా ఉన్నవాళ్లకు అది మంచి దారి.

డయాలసిస్ మొదలయ్యాక కంచం తలకిందులవుతుంది. అంతవరకూ తగ్గించమన్న మాంసకృత్తులను ఇప్పుడు పెంచాలి! ప్రతిసారీ వ్యర్థాలతో పాటు కొంత ప్రొటీన్ పోతుంది. కిలో బరువుకు 1 నుంచి 1.2 గ్రాముల దాకా కావాలి. గుడ్డు తెల్లసొన, చేప, కోడి మాంసం మళ్లీ కంచంలోకి రావాలి. ఈ ముక్క తెలియక పాత పథ్యమే పట్టుకుని చిక్కి శల్యమైపోయేవాళ్లు చాలామంది. పాత పథ్యం పోయినా పొటాషియం, ఉప్పు, నీళ్ల కట్టుబాట్లు మాత్రం అలాగే ఉంటాయి.

ఖర్చు సంగతికొస్తే, 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ డయాలసిస్‌ను పేదల గుమ్మంలోకి తెచ్చింది. కేంద్రం 2016లో జాతీయ డయాలసిస్ కార్యక్రమాన్ని ప్రారంభించాక జిల్లా ఆసుపత్రుల్లో యంత్రాలు పెరిగాయి. డయాలసిస్ మీద ఉన్నవారికి ప్రభుత్వ పింఛను కూడా ఉంది. అర్హత, కావలసిన కాగితాల గురించి ఆసుపత్రిలోని ఆరోగ్య మిత్రను అడిగితే చెబుతారు.

ఒక కడుపున పుట్టిన కిడ్నీ

1954 డిసెంబరులో అమెరికాలోని బోస్టన్‌లో డాక్టర్ జోసెఫ్ ముర్రే ఒక కవలసోదరుడి కిడ్నీని ఇంకో కవలకు అమర్చాడు. విజయవంతమైన తొలి కిడ్నీ మార్పిడి అదే. 1990లో ఆయనకు నోబెల్ వచ్చింది. కుదిరితే డయాలసిస్ కన్నా మార్పిడే మేలని నేటి వైద్యులు చెబుతున్నారు. మన దేశంలో 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు, భార్యాభర్తలు కిడ్నీ ఇవ్వొచ్చు. 2011 సవరణతో తాతమామ్మలు, మనవలు కూడా దగ్గరి బంధువుల జాబితాలో చేరారు. రక్తం సరిపోని రెండు కుటుంబాలు దాతలను ఇచ్చిపుచ్చుకునే వీలూ వచ్చింది. డబ్బుకు కిడ్నీ అమ్మడం, కొనడం రెండూ నేరాలే.

అన్ని పరీక్షలూ అయిన ఆరోగ్యవంతుడు ఒక కిడ్నీ ఇచ్చి, రెండోదానితో మామూలుగా బతకవచ్చు. మన దేశంలో బతికుండగా కిడ్నీ ఇస్తున్నవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. అమ్మ, ఆలి, అక్కచెల్లెళ్లు! తీసుకునే వంతు వచ్చేసరికి మాత్రం వాళ్ల సంఖ్య బాగా తక్కువ. ఇంటి పెద్దలు ఒకసారి ఆలోచించాల్సిన విషయమిది. దాత దొరకనివారు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్న 'జీవన్‌దాన్'లో పేరు నమోదు చేసుకుని, బ్రెయిన్ డెడ్ అయినవారి కిడ్నీ కోసం ఎదురుచూడవచ్చు. మార్పిడి అయ్యాక కొత్త కిడ్నీని ఒళ్లు తిరస్కరించకుండా మందులు జీవితాంతం వేసుకోవాలి. 'బాగానే ఉన్నాను కదా' అని ఒక్క వారం మానేసినా వచ్చిన కిడ్నీ చేజారవచ్చు.

ఒక్కసారి అడిగి చూడండి

ఏటా మార్చి రెండో గురువారం ప్రపంచ కిడ్నీ దినోత్సవం. ఆ రోజు దాకా ఆగక్కర్లేదు. ఇంట్లో షుగర్, బీపీ ఉన్న పెద్దవాళ్ల పాత రిపోర్టుల కట్ట ఒకసారి విప్పండి. క్రియాటినిన్ ఎప్పుడు చేయించారు? మూత్రంలో అల్బుమిన్ అసలు ఎప్పుడైనా చూశారా? చాలా ఇళ్లలో షుగర్ కాగితాలు దొంతరగా దొరుకుతాయి, ఈ రెండూ మాత్రం కనిపించవు.

ఉద్దానంలో బొండం కొట్టి ఇచ్చిన ఆ ఇంటాయన తన గ్లాసు వేరేగా పెట్టుకుంటాడు. దానిమీద కొలత గీతలుంటాయి. ఇంకో నాలుగేళ్ల ముందు క్రియాటినిన్ ఎంతో తెలిసుంటే ఆ గ్లాసు మీద గీతలు పడేవి కాకపోవచ్చు. ఆయన మాత్రం ఒక మంచి పని చేశాడు. పట్నంలో చదువుతున్న కొడుకుని సెలవులకు వచ్చినప్పుడు ముందు ల్యాబుకు తీసుకెళ్లాడు. రిపోర్టు బాగుంది.

ఆ సాయంత్రం తోటలో రెండు బొండాలు కొట్టారు. రెండూ కొడుక్కే!